ఉపగ్రహానికి సోయా చేను కనిపిస్తుంది, ఖరీదుదారు కనిపించడు

దక్షిణ అమెరికా ఖండంలో సోయా సాగు ఎంత పాకిందో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి 2021లో ప్రకటించారు. 2001లో 264 లక్షల హెక్టార్లు. 2019కి 551 లక్షల హెక్టార్లు. పద్దెనిమిదేళ్లలో కొత్తగా చేరింది 287 లక్షల హెక్టార్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపి, ఊళ్లు, గుట్టలు, చెరువులు, అడవులు అన్నీ లెక్కేసుకున్నా సుమారు 275 లక్షల హెక్టార్లే. అంటే రెండు తెలుగు రాష్ట్రాలకు మించిన నేల మీద ఒకే ఒక్క పంట కొత్తగా పరుచుకుంది.

ఎక్కడో బ్రెజిల్ సంగతి మన పత్రికలో ఎందుకని సభ్యులు అడగవచ్చు. ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల రైతులకు ఆ అవసరం ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడ పండిన సోయా నూనె ఓడలెక్కి మన రేవుల్లో దిగిన ప్రతిసారీ ఇక్కడ యార్డులో సోయా ధర పడిపోవడం వాళ్లకు అనుభవమే. రెండో కారణం ఇంకా దగ్గరిది. అక్కడ సోయా చేలను లెక్కబెట్టిన కన్ను ఇప్పుడు మన చేల మీద కూడా ఉంది. పంట నష్టం ఎంతో, పోడు భూమి ఎవరిదో, ఎవరు గడ్డి తగలబెట్టారో ఆ కన్ను చెప్పిందే సాక్ష్యమనే రోజులు వస్తున్నాయి. కాబట్టి ఆ పటం ఎలా తయారవుతుందో, ఎవరిని పట్టిస్తుందో, ఎవరిని వదిలేస్తుందో మనం తెలుసుకోవాలి.

ముందే ఒక మాట. శాస్త్రంతో మాకు తగాదా లేదు. ఆ పని చేసినవాళ్లు మంచి పని చేశారు. ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి. 2008 దాకా ఆ చిత్రాలు కొనుక్కోవాల్సి వచ్చేది, ఆ తర్వాత ఉచితం చేశారు. ఒక్కో ఉపగ్రహం ఒకే చోటికి 16 రోజులకోసారి వస్తుంది. ఒక్క ఫొటో చూసి ఇది సోయా, ఇది మొక్కజొన్న అని చెప్పలేరు. మొలక నుంచి కోత దాకా వరుస చిత్రాలు పెట్టి చూస్తారు. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని సోయా ఆకు ఒక తీరుగా తిప్పికొడుతుంది, మొక్కజొన్న ఇంకో తీరుగా. ఏ పంట ఎప్పుడు పచ్చబడుతుంది, ఎప్పుడు ఆకు రాలుస్తుంది అన్న లెక్క దానికి తోడవుతుంది. ఆ తర్వాత మనుషులు వాహనాల్లో పొలాలకు వెళ్లి, పటంలో సోయా అన్నచోట నిజంగా సోయా ఉందో లేదో చూసి సరిదిద్దుతారు. ఈ చివరి పనిని మరిచిపోవద్దు. నేల మీద మనిషి చూసి ఒప్పుకున్నాకే అక్కడ పటం పటమైంది. మన దగ్గరికొచ్చేసరికి ఎగిరిపోతున్నది సరిగ్గా ఈ పనే.

ఇంకో తేడా కూడా ఉంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన కొలతలో సుమారు 9 గుంటలు. మాటో గ్రోసో రాష్ట్రంలో ఒక్కో కమతం వేల హెక్టార్లుంటుంది, కనుచూపు మేర ఒకటే పంట. అక్కడ 9 గుంటల గడి అంటే గోరంత. తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు. అందులోనూ నాలుగు సాళ్లు సోయా, ఒక సాలు కంది వేస్తాం. గట్టు మీద వేప, పక్కన పత్తి. ఆ గడిలో సోయా ఎంత, కంది ఎంత, గట్టు ఎంత? ఇప్పుడు 10 మీటర్ల గడి చూసే యూరప్ ఉపగ్రహాలు వచ్చాయి, నిజమే. కానీ మన సోయా వానాకాలం పంట. జూన్ చివర వేస్తే సెప్టెంబరు చివరికో అక్టోబరుకో కోతకొస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో మబ్బు పట్టి ఉంటే మామూలు ఉపగ్రహం చూసేది మబ్బునే. మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహాలున్నాయి గానీ, వాటికి అంతర పంటను విడదీయడం ఇంకా కష్టం.

ఇక పటం ఏం చెప్పిందో చూద్దాం. బ్రెజిల్ అమెజాన్ ప్రాంతంలో సోయా 4 లక్షల హెక్టార్ల నుంచి 46 లక్షల హెక్టార్లకు పెరిగింది, పది రెట్లకు పైనే. ఖండం మొత్తం మీద పోయిన అడవిలో 2016 నాటికి నేరుగా సోయా చేనుగా మారింది 9 శాతం. ఈ 9 అన్న అంకెను చూసి పర్వాలేదే అనుకుంటే పొరపాటు. కొత్త సోయాలో ఎక్కువ భాగం పశువుల మేత బీళ్లలో వేసింది. ఆ బీళ్లు ఎక్కడివి? ఒకప్పుడు అడవిని, గడ్డిమైదానాన్ని కొట్టి చేసినవే. సోయా వచ్చాక బీడు ధర పెరిగింది. పశువుల ఆసామి దాన్ని అమ్ముకుని, ఆ డబ్బుతో ఇంకా లోపలికి వెళ్లి అడవి కొట్టాడు. పటంలో సోయా చేను కింద బీడు కనబడుతుంది, కాబట్టి సోయా చేతులు శుభ్రం. అడవిలో కొత్త బీడు కనబడుతుంది, కాబట్టి తప్పు పశువులది. రెంటినీ కలిపే డబ్బు ఏ గడిలోనూ కనపడదు.

భూమి కాగితాల సంగతి అంతకన్నా ఘోరం. బ్రెజిల్‌లో భూకబ్జాను 'గ్రిలాజెం' అంటారు. గ్రిలో అంటే కీచురాయి. దొంగ పట్టా రాసి, కీచురాళ్లున్న సొరుగులో పడేస్తే కాగితం పసుపు పచ్చబడి, చిరిగి, పాతదానిలా కనపడేదట. ఇప్పుడు కీచురాళ్ల అవసరం కూడా తీరిపోయింది. 2012 అటవీ చట్టం కింద ప్రతి భూస్వామీ తన భూమి హద్దులను ఉపగ్రహ చిత్రం మీద తానే గీసి నమోదు చేసుకోవాలి. అడవులు కాపాడటానికి తెచ్చిన ఏర్పాటు ఇది. కానీ ప్రభుత్వ అడవి మీదే గీతలు గీసి, నమోదు రసీదు చూపించి, ఇది మాదేనని దబాయించేవాళ్లు తయారయ్యారు. తరాలుగా ఆ నేలను నమ్ముకున్న ఆదివాసీల దగ్గర, చిన్న రైతుల దగ్గర అలాంటి గీత లేదు. మన దగ్గర ధరణి అనుభవించినవాళ్లకు ఇది వేరే దేశం కథలా అనిపించదు.

అలాగని పటం వల్ల అక్కడ మేలే జరగలేదని మేము అనం. 2006లో అమెజాన్ సోయా మీద గ్రీన్‌పీస్ గొడవ లేవదీశాక, కార్గిల్ వంటి కంపెనీలున్న వ్యాపార సంఘాలు దిగొచ్చి, కొత్తగా అడవి నరికిన నేలలో పండిన సోయాను కొనబోమని ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందం నిలిచిందంటే ఉపగ్రహ చిత్రాల వల్లే. అమెజాన్‌లో అడవి కొట్టి నేరుగా సోయా వేయడం బాగా తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఒప్పందం బిగించింది కొనేవాడి మెడకు. కొనేవాడు కొననంటే కొట్టేవాడు ఆగాడు. కానీ అదే కంపెనీలు పక్కనే ఉన్న సెరాడో మైదానానికి ఆ ఒప్పందాన్ని వర్తింపజేయలేదు. ఫలితం అదే పటంలో ఉంది. సోయా కోసం పోయిన అడవిలో దాదాపు సగం సెరాడోలోదే. చూడటానికి ఉపగ్రహానికి అమెజాన్ ఒకటే, సెరాడో ఒకటే. ఎక్కడ చూసినదాన్ని పట్టించుకోవాలో, ఎక్కడ పట్టించుకోకూడదో నిర్ణయించింది మాత్రం వ్యాపారులే. ఇప్పుడు ఆ అమెజాన్ ఒప్పందం మీద కూడా దాడి మొదలైంది. కంపెనీలన్నీ కూడబలుక్కుని కొనడం మానడం పోటీ సూత్రాలకు విరుద్ధమంటూ 2025 ఆగస్టులో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ దాన్ని ఆపమంది. వ్యవహారం కోర్టులకెక్కింది. కంపెనీలు కూడబలుక్కుని రైతుకు ధర తగ్గించినప్పుడు ఏ దేశంలోనైనా ఇంత చురుకుగా ఎవరైనా కదిలారా అన్నది మా సందేహం.

పటం నచ్చకపోతే పాలకులు ఏం చేస్తారో కూడా బ్రెజిల్ చూపించింది. 2019లో అడవుల నరికివేత పెరిగిందని అక్కడి అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహ లెక్కలు ప్రకటిస్తే, అధ్యక్షుడు బొల్సొనారో అవి అబద్ధమన్నాడు. ఆ సంస్థ అధిపతి రికార్డో గల్వావో గట్టిగా నిలబడ్డాడు. పదవి పోయింది. పెద్దవాడిని పట్టిచ్చిన ఉపగ్రహం అబద్ధాలకోరు, పేదవాడిని పట్టిచ్చినది మాత్రం తిరుగులేని సాక్షి.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక వాదన చేస్తున్నారు. ఐరోపా వాళ్లు తమ అడవులు ఎప్పుడో నరుక్కుని, ఇప్పుడు పేద దేశాల రైతుల మీద ఉపగ్రహాలు పెట్టి నీతులు చెబుతున్నారని. అందులో సగం నిజముంది. కానీ బ్రెజిల్‌లో ఈ మాట గట్టిగా అనేది ఎవరు? అక్కడి సోయా భూస్వాములు. సోయా రారాజుగా పేరుపడ్డ బ్లైరో మాగ్గీ మాటో గ్రోసోకు గవర్నరయ్యాడు, తర్వాత దేశానికి వ్యవసాయ మంత్రీ అయ్యాడు. భూమిలేని అక్కడి కూలీలు, చిన్న రైతులు ఆ వర్గంతోనే దశాబ్దాలుగా తలపడుతున్నారు. లక్ష ఎకరాల ఆసామి కూడా 'రైతు'నే అంటాడు. ఆ మాట విని వాడి జెండా మనం మోయనక్కర్లేదు.

మిగతా సగం నిజం మాత్రం మన ముంగిట్లోనే ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన సోయా, కాఫీ, రబ్బరు వంటి సరుకులు తమ దేశాల్లోకి రాకూడదని ఐరోపా యూనియన్ 2023లో చట్టం చేసింది. పండిన ప్రతి చెక్కకూ అక్షాంశ రేఖాంశాలు చూపాలి. నాలుగు హెక్టార్లు దాటితే హద్దుల గీతలే ఇవ్వాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది గానీ చట్టం పోలేదు. అరకు కాఫీ ఐరోపాకు వెళ్తుంది. పెద్ద చెట్ల నీడలో ఎకరం రెండెకరాల కాఫీ పెంచే గిరిజనుడి తోట పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది. నీడ కోసం పెంచిన ఒక చెట్టు గాలివానకు కూలితే అడవి నరికినట్టవుతుందా? అది కాదని రుజువు చేసే ఖర్చు ఎవరిది? కార్గిల్‌కు దీనికోసం ఒక విభాగమే ఉండొచ్చు. పాడేరు కొండల మీద ఆ గిరిజన కుటుంబానికి ఏముంది?

పోడు భూముల్లో ఈ ప్రశ్న పాతదే. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపాలి. దరఖాస్తు పెట్టినప్పుడు ఉపగ్రహ చిత్రంలో ఇక్కడ సాగు కనపడటం లేదని తిప్పికొట్టిన అనుభవం మన ఏజెన్సీ గ్రామాల్లో చాలామందిది. ఇప్ప చెట్లు, తునికి చెట్లు నరక్కుండా వదిలేసి మధ్యలో జొన్న వేసుకున్న చేను పైనుంచి చేనులా కనపడదు. చెట్టును కాపాడినవాడికే హక్కు పోయింది! ఈ అన్యాయం మీద 2012లో చట్టం కింది నియమాలను సవరించి స్పష్టంగా రాశారు: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా మాత్రమే పనికొస్తుంది, వాటికి బదులు కాదు. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఆ ఒక్కదాన్నే ఆధారం చేసుకుని హక్కు నిరాకరించడం చెల్లదన్నది. గ్రామ పెద్దల వాంగ్మూలం, పాత జరిమానా రసీదులు, బావి, సమాధులు, గట్లు, ఇవన్నీ సాక్ష్యాలే. అయినా 2019 ఫిబ్రవరి 13న తిరస్కరించిన దరఖాస్తుల వాళ్లను ఖాళీ చేయించమని, ఆక్రమణల మీద ఉపగ్రహ సర్వే చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా లేచాక ఆ నెలాఖరులోనే ఖాళీ చేయించడం నిలిపేసింది. దరఖాస్తు తిరస్కరణకు గురైన సభ్యులు ఈ 2012 నియమం (12ఏ లో 11వ ఉపనియమం) సంఖ్యతో సహా అప్పీలులో రాయండి.

పంజాబ్, హర్యానాల్లో వరి గడ్డి తగలబెట్టిన మచ్చ ఉపగ్రహంలో పడితే రైతు భూమి రికార్డులో ఎర్ర సిరా నమోదు చేస్తున్నారు. 2024లో హర్యానా అలాంటి రైతు రెండు సీజన్లు ప్రభుత్వ మండీలో పంట అమ్ముకోకుండా ఆంక్ష పెట్టింది. అదే ఉపగ్రహానికి ఫ్యాక్టరీ పొగ, నగరంలో కార్ల పొగ మీద ఏ మండీ మూసే అధికారమూ లేదు.

సోయా రైతుకు అసలు పరీక్ష బీమాలో ఉంది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దిగుబడి లెక్కకు ఉపగ్రహ అంచనాను కనీసం 30 శాతం కలపాలని వరి, గోధుమలకు 2023లో మొదలుపెట్టి, 2024 ఖరీఫ్ నుంచి సోయాకూ తెచ్చారు. పంట కోత ప్రయోగాల్లో మోసాలున్నాయి, కంపెనీలు ఆలస్యం చేస్తున్నాయి, కాబట్టి యంత్రమే న్యాయం చెబుతుందని వాదన. సోయా పండించిన ఎవరినైనా అడగండి. వానలు ఎక్కువైన ఏడు చేను నడుం దాకా పెరిగి పచ్చగా నవనవలాడుతుంది. వంగి చూస్తే కాయ ఉండదు, ఉన్నా గింజ నిండదు. కోతకు ముందు వారం ముసురు పడితే కాయలోనే మొలకెత్తుతుంది. పైనుంచి చూసిన కన్నుకు ఆ చేను బ్రహ్మాండమైన పంట. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటికొచ్చింది కాబట్టి మనకు బాధ లేదనుకోవద్దు. మళ్లీ బీమా వస్తే ఈ లెక్కతోనే వస్తుంది. పథకం పేరేదైనా సరే, గ్రామంలో కోత కోసి తూచిన దిగుబడికీ ఉపగ్రహ అంచనాకూ తేడా వస్తే తూచిందే చెల్లాలన్నది సంఘం డిమాండు.

కొనుగోళ్లలో కూడా ఇదే పేచీ దాగి ఉంది. మద్దతు ధర పథకం కింద కేంద్రం సోయాను మామూలుగా రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం వరకే కొంటుంది. ఆ ఉత్పత్తి ఎంత అన్నది విస్తీర్ణం లెక్క మీద ఆధారపడుతుంది. అంతర పంటగా వేసిన సోయా పటంలో కందిగానో, పత్తిగానో పడితే ఉత్పత్తి తగ్గుతుంది, దాంతో కొనే వాటా తగ్గుతుంది, కొనుగోలు కేంద్రం పది రోజుల ముందే మూతపడుతుంది. అప్పటికే 12 శాతం తేమ పేరుతో సంచులు వెనక్కి తిప్పుతుంటారు. పటంలో ఒక గడి తప్పితే ట్రాక్టరు యార్డు గేటు దగ్గర మూడు రాత్రులు నిలబడుతుంది.

ఇంతకూ ఉపగ్రహంతో పంటను చూడాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది? 1972లో సోవియట్ యూనియన్ అమెరికా ధాన్యం కంపెనీల దగ్గర గుట్టుగా భారీ ఎత్తున గోధుమలు కొనేసింది. ధరలు ఎగిరిపోయాక గానీ అమెరికా ప్రభుత్వానికి విషయం తెలియలేదు. ఇంకోసారి అలా జరగకూడదని, పరాయి దేశాల పంట ఎంతో ముందే తెలుసుకోవడానికి 1974లో నాసాతో కలిసి ఉపగ్రహ గోధుమ లెక్క మొదలుపెట్టింది. పుట్టుకే వ్యాపారం కోసం. ఈనాడు బ్రెజిల్‌లో సోయా మొలకెత్తగానే దిగుబడి అంచనాలు షికాగో మార్కెట్‌కు చేరతాయి. మన పంట ఎంతో ఇండోర్ మిల్లుల సంఘం కూడా ఏటా సర్వే చేసి చెబుతుంది. మన చేను గురించి మనకంటే ముందు కొనేవాడికి తెలుసు. అడ్తి దగ్గర బేరం అయిపోయిందంటే కారణం అదే.

అంత ముందే తెలిసిన ప్రభుత్వం ఏం చేసింది? 2021 ఆగస్టు మొదట్లో సోయా క్వింటాల్ పదివేల దాకా పోయింది. రైతుకు నాలుగు రూపాయలు మిగిలే వేళ, కోళ్ల పరిశ్రమ కోరిందని అదే నెలలో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. మన పంట మార్కెట్‌కొచ్చే అక్టోబరు నాటికి ధర సగానికి పడింది. 2025 మే 31న ముడి వంటనూనెల మీద ప్రాథమిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. ఆ ఏడు సోయాకు ప్రకటించిన మద్దతు ధర 5,328 రూపాయలు, బయట వ్యాపారి ఇచ్చింది అంతకంటే తక్కువ. దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనె దిగుమతి చేసుకుంటోంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో చాలా వంటనూనెల మీద 300 శాతం దాకా సుంకం వేసే వీలు ఉంచుకున్న ప్రభుత్వం, సోయా నూనె దగ్గర 45 శాతానికే సంతకం పెట్టింది. ఆ 45 కూడా వేయడం లేదు. సెరాడోలో గడ్డిమైదానం దున్నినందుకూ, ఇక్కడ సోయా రైతు మునిగినందుకూ లాభపడేది ఒకటే ఓడ.

కాబట్టి మేము పటాన్ని వద్దనడం లేదు. పటాన్ని అందరి ముందూ పెట్టమంటున్నాం. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం ఉంది, షాద్‌నగర్‌లో చిత్రాలు దింపుకునే స్టేషను ఉంది. మన డబ్బుతో, మన చేల మీద తీసిన చిత్రాలు కోతకు ముందే గ్రామ పంచాయతీ గోడ మీద సర్వే నంబర్ల వారీగా అంటించాలి. తప్పుంటే గ్రామసభలో అభ్యంతరం చెప్పుకునే గడువు ఉండాలి. పంట వేసింది కౌలు రైతయితే పటం పక్కన కౌలు రైతు పేరే ఉండాలి, ఉపగ్రహం పట్టాదారును ఎటూ గుర్తుపట్టదు. విదేశీ నూనె ఎవరు, ఏ దేశం నుంచి, ఏ నెలలో, ఎన్ని టన్నులు దించారో కూడా అదే గోడ మీద పెట్టాలి. చేనును గుంటల లెక్కన చూడగల ప్రభుత్వానికి రేవులో నిలబడ్డ ఓడ కనపడకుండా ఉండదు.

ఈ వానాకాలం మన పని మనం మొదలుపెడదాం. సోయా వేసే ప్రతి గ్రామ శాఖ ఒక రిజిస్టరు పెట్టాలి: సర్వే నంబరు, సాగు చేసినవారి పేరు, ఎకరాలు, అంతర పంట ఏది, ఎన్ని సాళ్లకు ఎన్ని, విత్తిన తేదీ, కోసిన తేదీ, తూకం. పూతకొచ్చినప్పుడోసారి, కోతకు ముందోసారి తేదీ పడేలా ఫోనులో ఫొటో తీసి ఉంచండి. కాయ విప్పి గింజ కనబడేలా తీయండి, ఉత్త పచ్చటి చేను ఫొటో ఎవరికీ పనికిరాదు. నమూనా కాగితాలు మండల కమిటీల దగ్గర ఉంటాయి, విత్తనం కొనడానికి వెళ్లినప్పుడే తీసుకోండి.